విద్యార్థులును సీసానీరును

రెండు మూడు తరముల క్రిందట మన సీమలో దూరప్రయాణమునకు బయలుదేరువాడు మొదట మరచెంబును వెదకుకొనెడివాడు. ఇత్తడిదో కంచుదో, మూత మరలు గట్టిగా బిగియునదై, పట్టుకొనుటకు వంకీ గలదై యుండెడిది. చేనికి పోవు కాపు ఎండిన సొరకాయబుర్రలో నీరు నింపుకొని గట్టుమీద నీడపట్టున నుంచుకొనెడివాడు. ఇంటి నీరు ఇంటివానితో పోయెడిది. ఊరు దాటిన పిదప ఆ నీరైపోయినచో త్రోవలోని చలివేంద్రమో, దిగుడుబావియో ఆదుకొనెడిది. దాహము తీర్చి వెల యడుగుట మన పెద్దల యెఱుకలో లేని మాట.

నేడు ఉదయము ఎనిమిది గంటలకు బనగానపల్లె బస్సుల నిలయమున నిలిచి చూచినచో వేఱొక తీరు కనబడును. ఊరిలోని కళాశాలలకు పల్లెలనుండి వచ్చి దిగువారు, నంద్యాల వైపు కళాశాలలకు పోవుటకై యెక్కువారు, అందఱును పదునాఱు మొదలు ఇరువదేండ్ల లోపలి పిల్లలే. వీపున పుస్తకముల సంచి, చేత ప్లాస్టిక్కు సీసా. కొందఱి సీసా ఇంటిది, పెక్కుమందిది అంగడిది. మూత త్రిప్పి నాలుగు గ్రుక్కలు త్రాగుదురు. మిగిలిన నీరు మధ్యాహ్నమునకు వేడెక్కును. దానిని పాఱవేసి మరల చల్లని సీసా కొందురు. సాయంకాలము బస్సు శుభ్రము చేయువాడు బల్లల క్రిందినుండి ఊడ్చి తీయు సీసాలలో సగము నీటితో నిండియేయుండును. నీటికొఱకు కొట్లాడిన సీమలో ఇది చూచుటకు కష్టముగనే యుండును.

లెక్క వేయుదము. లీటరు సీసా పెక్కు అంగళ్లలో 20 రూపాయలు. కళాశాల జరుగు దినములు సంవత్సరమునకు 200 అనుకొని, దినమున కొక్క సీసాయే యనుకొన్నను ఏటికి 4,000 రూపాయలు. డిగ్రీ ముగియు మూడేండ్లకు 12,000. ఇంట ఇద్దఱు చదువుకొనువారున్నచో దీనికి రెండింతలు. మెట్టచేని కాపునకు ఇది చిన్న మొత్తము కాదు. పిల్లవాని పుస్తకములకు ఇంత వ్యయము చేసిన తండ్రులు ఎందఱో చెప్పలేము. 2014 అక్టోబరు 2వ తేదీన మన రాష్ట్ర ప్రభుత్వము ప్రారంభించిన సుజల స్రవంతి పథకమున 20 లీటర్ల శుద్ధజలమునకు 2 రూపాయలు వెలగా నిర్ణయించిరి. అనగా లీటరునకు పది పైసలు. అంగడి సీసా దీనికి 200 రెట్లు. నడుమ గల భేదమంతయు నీటికి కాదు; సీసాకు, లారీకి, మంచుపెట్టెకు, ప్రకటనలకు, లాభమునకు. 2009లో అమెరికాలో గ్లైక్, కూలీ యను ఇరువురు శాస్త్రజ్ఞులు గణించినదేమనగా, కుళాయి నీటికంటె సీసానీటిని త్రాగువానికి చేర్చుటకు రెండువేల రెట్లవఱకు శక్తి వ్యయమగుచున్నదట.

ఈ సరకు మన దేశమునకు వచ్చి యెంతకాలమైనది? బిస్లెరీ యను ఇటలీ వ్యాపారము 1965లో బొంబాయిలో అడుగుపెట్టెను. 1969లో పార్లే వారు దానిని కొనిరి. ఆ దినములలో అది గాజుసీసాలలో వచ్చి, గొప్ప హోటళ్లలో దిగు దొరలకును, కడుపునొప్పికి వెఱచు యాత్రికులకును మాత్రమే పనికివచ్చినది. ప్లాస్టిక్కు చౌకయైన పిదపనే అది బండియంగడికి దిగినది. మొదట ధనికుని జాగ్రత్త, తరువాత మధ్యతరగతివాని మర్యాద, ఇప్పుడు విద్యార్థి యలవాటు. ఇంటినుండి నీరు తెచ్చుకొనుట పల్లెటూరితనముగా నెంచు పిల్లలును గలరు. చేత చల్లని సీసా పట్టుకొనుట వారికొక వేషము.

అయినను వేషమొక్కటే కారణమనుట పిల్లలకు అన్యాయము చేయుట యగును. వారిని అడిగి చూడుడు. "కళాశాల నీళ్లు త్రాగితే గొంతు పట్టుకుంటుందండీ" అని యొకడు, "ట్యాంకు ఎప్పుడు కడిగినారో ఎవరికీ తెలియదు సార్" అని యొకడు చెప్పును. ఒక కళాశాలలో నేను స్వయముగా చూచితిని. నీటితొట్టిపై మూత లేదు. నాలుగు కుళాయిలలో రెండింటికి తలలు ఊడిపోయి గుడ్డపేలికలు చుట్టియున్నవి. ప్రక్కన దాత పేరు చెక్కిన చలువరాయి మాత్రము చక్కగా మెఱయుచున్నది. ఆ నీరు త్రాగుమని నా బిడ్డకు నేను చెప్పజాలను. ఆడపిల్లల సంగతి మఱియు దుఃఖకరము. మరుగుదొడ్లు సరిగా లేనిచోట వారు సీసానీరును కొనరు, కుళాయి నీరును త్రాగరు. ఉదయమునుండి సాయంకాలమువఱకు దాహమును బిగబట్టుకొందురు. నీటివసతి యనగా మరుగుదొడ్డి వసతి కూడ నని కళాశాలల అధికారులు ఎప్పుడు గ్రహింతురో!

నీటిపై గల ఈ యనుమానమునకు మన నేలలోనే మూలము గలదు. భూగర్భశాస్త్రజ్ఞులు కర్నూలు శిలాశ్రేణి యని పేర్కొను రాతిపొరలలో అన్నిటికి అడుగుదానికి బనగానపల్లె పేరే పెట్టిరి. పూర్వము వజ్రములకై త్రవ్వినది ఆ పొరలోనే. దానిపైన నార్జి సున్నపురాయి, ఔకు పలకరాయి, పాణ్యము రాయి, కోయిలకుంట్ల సున్నపురాయి వరుసగా పేర్చియున్నవి. సున్నపురాతి గుండ దిగిన నీరు ఆ సున్నమును కరగించుకొని వచ్చును. అందుచేతనే మన బావినీట పప్పు త్వరగా ఉడకదు, సబ్బు నురుగు రాదు, కాచిన గిన్నె యడుగున తెల్లని పెచ్చు కట్టును. ఈ సున్నపురాతినే నీరు యుగయుగములుగా తొలిచి, సమీపమున మూడు కిలోమీటర్లకు పైబడిన బెలుము గుహలను మలిచినది. గుహలు చూచి ఆనందింతుము. కాని రాతిలో అట్టి పగుళ్లున్నచోట పైనున్న మురుగు ఇసుకలో వడగట్టబడినట్లు వడగట్టబడక నేరుగ బావిలోనికి పోగలదని మఱతుము. బరువైన నీరు రుచికి చెడ్డదే కాని విషము కాదు. మురుగు కలిసిన నీరు కంటికి తేటగానుండియు రోగము తెచ్చును. పిల్లలు మొదటిదానికి వెఱచి సీసా కొనుచున్నారు. అసలు వెఱవవలసినది రెండవదానికి.

ఫ్లోరైడు మాట వేఱు. మన దేశమున ఆ జబ్బును వైద్యులు మొట్టమొదట గుర్తించి వ్రాసినది తెలుగుగడ్డను గూర్చియే. 1937లో షార్ట్ మున్నగు వైద్యులు నాటి చెన్నరాష్ట్రపు నెల్లూరుజిల్లా గ్రామములను పరిశీలించి, పండ్లు పచ్చబాఱుటకును, వెన్నెముక కొయ్యబాఱుటకును బావినీటిలోని ఫ్లోరైడే కారణమని ప్రకటించిరి. రాయలసీమలోను పెక్కు గ్రామములలో ఈ దోషము కలదు. లీటరునకు 1 మిల్లీగ్రాము లోపల నుండవలెను, వేఱు గతి లేనప్పుడు 1.5 వఱకు ఓర్చుకొనవచ్చును అని భారత ప్రమాణము చెప్పును. ఒక బోరులో నిది యెంత కలదో నాలుకకు తెలియదు, కాచినను పోదు, పరీక్షింపవలసినదే. కనుక ఊరినీటిని నమ్మని విద్యార్థి మూర్ఖుడు కాడు. సీసాపై ఎవడో అచ్చువేసిన మాటను నమ్ముటయందే అతని పొరపాటు గలదు.

ఏలన, మూత బిగించినంతమాత్రమున నీరు పవిత్రము కాదు. 2003లో ఢిల్లీలోని విజ్ఞానపర్యావరణ కేంద్రమువారు ప్రసిద్ధములైన పేర్లుగల సీసాలలోనే పురుగుమందుల అవశేషములున్నవని వెల్లడించినపుడు దేశమంతయు కలవరపడినది. 2018లో తొమ్మిది దేశములనుండి 259 సీసాలు తెప్పించి పరీక్షింపగా వానిలో నూటికి 93 సీసాలలో ప్లాస్టిక్కు రేణువులు కనబడినవి. అందు మన దేశపు సీసాలును గలవు. 2024 జనవరిలో కొలంబియా విశ్వవిద్యాలయమువారు ఇంకను సూక్ష్మముగా చూచి, లీటరు నీటిలో సగటున రెండు లక్షల నలువదివేల రేణువులున్నవనియు, వానిలో అధికభాగము మామూలు సూక్ష్మదర్శినికి అందనంత చిన్నవనియు తేల్చిరి. ఇవి దేహమునకు చేయు కీడెంతయో శాస్త్రము ఇంకను నిర్ణయింపలేదు, నేను బెదరింపదలచుకొనలేదు. 2024 నవంబరులో కేంద్ర ఆహార ప్రమాణ సంస్థ సీసానీటిని మిక్కిలి ప్రమాదావకాశముగల ఆహారముల తరగతిలో చేర్చి, ఏటేట తనిఖీ జరుగవలెనని విధించిన సంగతి మాత్రము మనవారికి తెలియవలెను. ప్రసిద్ధమైన సీసాల గతి యిట్లుండగా, పేరును ముద్రయు లేక ఆటోలపై తిరుగు డబ్బాల నీటిని గూర్చి చెప్పనేల?

ఇచ్చట ఒక మాట దాచరాదు. నేను మొదట చలివేంద్రమును పొగడితిని. ఆ చలివేంద్రపు కడవ అందఱికిని ఒకేవిధముగ వంగలేదు. ముంతతో త్రాగినవారు కొందఱు. దూరమున దోసిలిపట్టి నిలిచి, పైనుండి పోయగా త్రాగినవారు కొందఱు. 1927లో మహాడ్ పట్టణమున అంబేడ్కరు మహాశయుడు వేలమందితో చవదార్ చెఱువునకు నడిచి ఆ నీరు త్రాగుటయే ఒక పోరాటమైనది. 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము బావులయందు, చెఱువులయందు ఎవ్వరికిని భేదము చూపరాదని పదునైదవ అధికరణమున శాసింపవలసివచ్చినది. కులమడుగక చేతికి వచ్చు సీసా కొందఱు పిల్లలకు గౌరవముగా తోచుటలో వింత లేదు. అయితే అది కులము నడుగకున్నను డబ్బు నడుగును. వెనుకటి బల్లపై కూర్చుండి, సీసా కొనలేక, కుళాయిని నమ్మలేక యున్న విద్యార్థిని చూచినవాడే ఈ సంగతి చెప్పగలడు. కళాశాలలో పెట్టు నీరు అందఱికి ఒకేచోట, ఒకే కుళాయినుండి, ఉచితముగా లభింపవలెను. బోధకులకు గదిలో వేఱొక శుద్ధియంత్రము, పిల్లలకు బయట తొట్టి యను పద్ధతి తొలగనిదే ఆ తొట్టి యెన్నడును బాగుపడదు. పెద్దలు తాము త్రాగు నీటినే బాగుచేయింతురు.

సీసాను నిషేధించుటయే ఉపాయమని తలచువారు కలరు. ఒంటిసారి వాడి పాఱవేయు ప్లాస్టిక్కు వస్తువులు కొన్నింటిని కేంద్రప్రభుత్వము 2022 జులై 1నుండి నిషేధించినది. ఆ పట్టికలో నీటిసీసా లేదు. విశ్వవిద్యాలయముల నిధుల సంఘము 2019లోనే కళాశాలలకు మార్గసూచనలు పంపి, ప్రాంగణములలో అట్టి ప్లాస్టిక్కును విడువుడని కోరినది. కాగితము వచ్చినది, దస్త్రములో చేరినది. సరియే, నిషేధించితిమనుకొందము. అమెరికాలో వెర్మాంటు విశ్వవిద్యాలయమువారు 2013 జనవరిలో తమ ప్రాంగణమున సీసానీటి విక్రయమును ఆపిరి. వారి సంకల్పము మంచిది. కుళాయిలను కూడ బాగుచేయించిరి. తరువాత లెక్క చూచుకొనగా, ప్రాంగణమునకు వచ్చు సీసాల సంఖ్య తగ్గుటకు మాఱు తలకు నూటికి ఆఱు చొప్పున పెరిగినది! నీరు దొరకని పిల్లలు ప్రక్కనేయున్న తీపిపానీయముల సీసాలను అందుకొనిరి. మన కళాశాల వాకిటి అంగళ్లలో రంగునీళ్ల సీసాలు ఎన్ని వరుసలున్నవో చూచినవారికి ఇచ్చట ఏమి జరుగునో వేఱుగ చెప్పనక్కఱలేదు.

మనకు సమీపమున దీనికి భిన్నమైన నిదర్శన మొకటి గలదు. తిరుమలకొండపై దినమునకు వేలకొలది యాత్రికులు తిరుగుదురు. దేవస్థానమువారు మొదట జలప్రసాదమను పేర శుద్ధిచేసిన నీటి కుళాయిలను అడుగడుగునకు పెట్టిరి. పిదప అంగళ్లలో గాజుసీసాలు ఉంచిరి. 2022 జూన్ 1నుండి ప్లాస్టిక్కును కొండపై పూర్తిగా నిషేధించిరి. కుళాయి ముందు, నిషేధము తరువాత. పరదేశవస్త్రమును విడువుమని చెప్పిన మహాత్ముడు జనుల చేతికి రాట్నమును కూడ నిచ్చెను. రాట్నము లేక బట్టను మాత్రము విడువుమనియుండినచో ఎవరు విని యుందురు?

ఇక బనగానపల్లెలో నీరెక్కడనుండి రావలెను? 1937 నవంబరు 16వ తేదీన చెన్నపురిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగు గృహమున కుదిరిన ఒడంబడికలో నదీజలముల విషయమున రాయలసీమకు ముందుచోటు ఇయ్యవలెనని పెద్దలు వ్రాసికొనిరి. ఆ మాట ఎంతవఱకు నెఱవేఱినదను తగవు ఇప్పటికిని ఆఱలేదు. ఏమైనను కృష్ణనీరు నేడు పోతిరెడ్డిపాడు వద్ద బయలుదేరి, బానకచెర్ల దాటి, శ్రీశైలము కుడిబ్రాంచి కాలువగుండ గోరకల్లు, ఔకు జలాశయములకు వచ్చుచున్నది. కాలువ నీటికి సున్నపురాతి బరువు లేదు. శుద్ధిచేసి గొట్టములలో తెచ్చినచో బోరునీటికంటె మేలు. ఆ పని ప్రభుత్వముది, పంచాయతీది. దానికై పట్టుపట్టవలెను. కాని దానికొఱకు ఎదురుచూచుచు కళాశాలలు కూర్చుండనక్కఱలేదు.

శుద్ధియంత్రము కొని పెట్టినచో చాలదా యందురు. ఆర్.ఓ. యంత్రము ఫ్లోరైడును, బరువును తీయును; నిజమే. కాని చిన్న యంత్రములు లీటరు మంచినీరిచ్చుటకు రెండు మూడు లీటర్లు కాలువపాలు చేయును. నీటిలో కరగిన లవణములు లీటరునకు 500 మిల్లీగ్రాములకు లోబడినచోట్ల ఈ యంత్రములను మాన్పింపవలెనని జాతీయ హరిత న్యాయస్థానము 2019లో ఆదేశించుటకు కారణము ఈ దుర్వ్యయమే. మన బోరునీరు పెక్కుచోట్ల ఆ హద్దు దాటును గనుక యంత్రము తప్పనిచోట పెట్టుకొనవలసినదే. ఆ వదలిన నీటిని మరుగుదొడ్లకు మళ్లింపవచ్చును.

యంత్రముకంటె ముందు ఆకాశమును చూడవలెనని నా మనవి. పూర్వపు కర్నూలు జిల్లాకు సగటు వర్షపాతము సంవత్సరమునకు సుమారు 670 మిల్లీమీటర్లు. ఇది కఱవుసీమ వర్షమే. అయినను వేయి చదరపు మీటర్ల కప్పుగల ఒక కళాశాల భవనముపై ఏటికి 6,70,000 లీటర్లు పడును. అందులో ఐదవవంతు ఆవిరియై, మొదటివాన మురికితో పోయినదనుకొన్నను ఐదులక్షల లీటర్లకు పైగా మిగులును. వేయిమంది విద్యార్థులు దినమునకు రెండేసి లీటర్ల చొప్పున 200 దినములు త్రాగినచో అయ్యెడి వ్యయము నాలుగు లక్షల లీటర్లు. అనగా కఱవుసీమలో సయితము సామాన్యమైన ఏట కళాశాలకు త్రాగునీరు దాని కప్పుమీదనే కురియుచున్నది! ఆ నీటికి సున్నము లేదు, ఫ్లోరైడు లేదు. వానలు జూన్ మొదలు అక్టోబరువఱకే గనుక నిలువ కావలెను: సగము నీటిని నిలుపుటకు పదిమీటర్ల పొడవు, పదిమీటర్ల వెడల్పు, రెండుమీటర్ల లోతుగల కప్పుతొట్టి చాలును. మొదటివానను వదలవలెను, ఇసుక, బొగ్గులతో వడగట్టవలెను, మితముగా క్లోరిను వేయవలెను, కప్పుమీద చెత్త పేర్చరాదు. వాన తప్పిన సంవత్సరమున కొఱత పడును, అప్పుడు కాలువనీరో యంత్రమో తోడగును. ఇందు మహావిద్య ఏదియు లేదు.

డబ్బు మాట వచ్చినపుడు మన భూస్వాములను, వర్తకులను స్మరింపక తప్పదు. తటాకమును సప్తసంతానములలో చేర్చి, కొడుకుతో సమానముగ నెన్నిన జాతి మనది. కడపజిల్లా పోరుమామిళ్ల చెఱువుకట్టపై 1369లో బుక్కరాయని కుమారుడు భాస్కరుడు వేయించిన సంస్కృత శాసనమున చెఱువునకు కావలసిన సాధనములు పండ్రెండు, దోషములు ఆఱు లెక్కింపబడినవి; జలశాస్త్రము తెలిసినవాడు ఆ పండ్రెంటిలో ఒకడు. దినమునకు వేయిమంది కూలీలు, నూఱు బండ్లు, రెండేండ్ల కాలము పట్టినవని లెక్క కూడ చెప్పియుంచిరి. 1866 కఱవులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి వేలమందికి అన్నము పెట్టినది ఇచ్చటికి దగ్గఱలోనే. అట్టివారి సీమలో నేడు దాతలకు కొదువ లేదు. కళాశాల గోడలనిండ పేర్లున్నవి. కొదువయైనది దానము కాదు, మరమ్మతు. తొట్టి కట్టించువాడు పదిలక్షలిచ్చును. ఏటేట దానిని కడుగుటకు పదివేలెవ్వరును ఇయ్యరు, ఏలన కడుగుటకు శిలాఫలకము లేదు. ఇకమీదట తొట్టి కట్టింపదలచిన దాత అందులో కొంత సొమ్మును బ్యాంకులో నిలువయుంచి, దాని వడ్డీతో కడుగుట, కుళాయిలు మార్చుట, నీటిని పరీక్షింపించుట జరుగునట్లు ఏర్పాటుచేసినచో రెండింతలు పుణ్యము.

పిల్లల పని యును కొంత గలదు. ఇంటినుండి ఉక్కుసీసాలో నీరు తెచ్చుకొనుట మరచెంబునకు తిరిగిపోవుటయే, దానికి సిగ్గుపడనక్కఱలేదు. కళాశాలలోని రసాయనశాస్త్ర విద్యార్థులు పదునైదు దినములకొకసారి ఆ తొట్టి నీటి బరువును, లవణములను, క్లోరినును, ఫ్లోరైడును తామే కొలిచి, మురుగు క్రిములకై నమూనాను జిల్లా ప్రయోగశాలకు పంపవచ్చును. చదువున కది మంచి సాధనము. తోటిపిల్లవాడు కొలిచిన అంకెను పిల్లలు నమ్మినట్లు అధికారి ప్రకటనను నమ్మరు. ఆ అంకెలను తేదీతో కుళాయి ప్రక్కన నల్లబల్లమీద సున్నముతో వ్రాసియుంచిన చాలును. నేనీ నెలలో నాలుగు కళాశాలలు తిరిగితిని. దాత పేరు, మంత్రి పేరు, ప్రారంభోత్సవపు తేదీ ప్రతి తొట్టిపైనను చదివితిని. నీటిని చివర పరీక్షించిన తేదీ ఒక్కచోటను కనబడలేదు.